మనోలో తర్వాత నిలబడ్డ మనిషి

హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ క్లబ్‌కు కోచ్‌గా చేసిన థాంగ్బోయ్ సింగ్తో గురించి తెలుగులో ఎవరైనా రాస్తారేమో అని చాలా రోజులు చూశాను. నాకెక్కడా కనిపించలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ పేరెత్తితే అందరూ స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ దగ్గర మొదలుపెట్టి 2022లో గెలిచిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు దగ్గర ఆగిపోతారు. ఆ తర్వాత ఏమైందని అడిగితే "కోచ్ మారాడు, టీమ్ పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట నాకు మింగుడు పడదు. క్లబ్ అడుగు నుంచి కూలిపోతున్న సమయంలో ఒక కోచ్ ఒప్పందం ముగించుకుని వెళ్ళాడు, ఇంకో కోచ్ వచ్చి నిలబడ్డాడు. నిందంతా నిలబడ్డాయన మీద పడింది.

నేను సంగారెడ్డి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మా దగ్గర కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్ళే ఎక్కువ. ఫుట్‌బాల్ మీద ప్రాణం పెట్టే పిల్లలు కొద్దిమంది ఉంటారు. వాళ్ళను వెంటబెట్టుకుని లింగంపల్లి దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు ఎక్కి గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి పోయేవాణ్ణి. అది అథ్లెటిక్స్ స్టేడియం. గ్యాలరీకీ మైదానానికీ మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంటుంది కాబట్టి ఆటగాళ్ళు దూరంగా కనిపిస్తారు. కానీ పై వరసలో కూర్చుంటే జట్టు మొత్తం ఒకేసారి కంటికి ఆనుతుంది. ఎవరు ఖాళీ వదిలారు, ఎవరు వెనక్కి పరుగెత్తలేదు, బంతి లేని వైపు ఎవరేం చేస్తున్నారు, అన్నీ తెలుస్తాయి. "బంతిని వదిలెయ్యిరా, కాసేపు లెఫ్ట్ బ్యాక్‌నే చూడు" అని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్, ఆకాశ్ మిశ్రా.

కోచ్ మార్పులు మాకు కొత్త కాదు. 2019లో పుణె క్లబ్ స్థానంలో మన క్లబ్ వచ్చింది. మొదటి కోచ్ ఇంగ్లండ్‌కు చెందిన ఫిల్ బ్రౌన్. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో 5–0తో ఓడిపోయాం. గచ్చిబౌలిలో మొదటి మ్యాచ్‌కు కేరళ బ్లాస్టర్స్ వచ్చింది. వాళ్ళే ముందు గోల్ కొట్టారు. స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేస్తే, మార్సెలీనో ఫ్రీకిక్‌తో 2–1గా గెలిచాం. ఆ రాత్రి ఇక మనకు తిరుగులేదనిపించింది. జనవరి వచ్చేసరికి జట్టు అట్టడుగున ఉంది, బ్రౌన్‌ను పంపేశారు. సీజన్ ముగిసేసరికి 18 మ్యాచ్‌లలో 10 పాయింట్లు, చివరి స్థానం. తర్వాతి సీజన్‌కు ఆల్బర్ట్ రోకా అన్నారు. బెంగళూరును నడిపిన మనిషి, భారత ఫుట్‌బాల్ తెలిసినవాడు అని సంతోషించాం. సీజన్ మొదలవకముందే బార్సిలోనా పిలిచింది, ఆయన వెళ్ళిపోయాడు. అప్పుడు, 2020 ఆగస్టు చివర్లో, హడావుడిగా తెచ్చిన పేరు మనోలో మార్కెజ్. స్పెయిన్ పెద్ద లీగ్ లా లిగాలో లాస్ పాల్మాస్ క్లబ్‌తో కొద్ది వారాలు, థాయ్‌లాండ్‌లో కొంతకాలం పనిచేశాడన్నారు. మాలో ఎక్కువమంది ఆ పేరు వినడం అదే మొదలు. మనం ఇవాళ తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకునే మనోలో కూడా ఒకరి బదులు వచ్చినవాడే.

ఆయన చేసింది నాకు ఒక కోచ్‌గా ఎప్పటికీ పాఠమే. 2020–21 సీజన్ కరోనా వల్ల మొత్తం గోవాలో, జనం లేకుండా జరిగింది. కుర్రాళ్ళ జట్టు ఇండియన్ ఆరోస్ నుంచి వచ్చిన ఆకాశ్ మిశ్రాకు అప్పుడు 18, 19 ఏళ్ళు. సిక్కిం కుర్రాడు ఆశిష్ రాయ్ కుడివైపు. ముందు లిస్టన్ కొలాసో. ఈ వయసు పిల్లలను బెంచీ మీద కూర్చోబెట్టి "నేర్చుకోండి" అనడం మన దేశంలో అలవాటు. ఆయన వాళ్ళను ఆడించాడు. తప్పు చేసినా మర్నాడు మళ్ళీ ఆడించాడు. పిల్లవాడు ధైర్యంగా బంతి అడగాలంటే ఆ నమ్మకం కావాలి, అది ఉపన్యాసంతో రాదు. నేను ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలెక్షన్స్‌కు పిల్లలను తీసుకుపోయిన ప్రతిసారీ చూస్తాను, ఒక్క తప్పుకే బయటికి లాగేస్తారేమో అని భయపడేవాడు బంతి తన వైపు రాకూడదనే కోరుకుంటాడు.

ఆ ఏడాది చివరి మ్యాచ్‌లో ఎఫ్‌సీ గోవా మీద గెలిస్తే ప్లేఆఫ్, అంటే మొదటి నాలుగు జట్ల నాకౌట్. 0–0తో ముగిసింది. ఐదో స్థానంలో ఆగిపోయాం. అయినా క్లబ్ ఆయన ఒప్పందాన్ని పొడిగించింది. క్లబ్‌కు దక్కాల్సిన మెచ్చుకోలు అక్కడ దక్కాలి. నాలుగో స్థానం తప్పిపోయినందుకు కోచ్‌లను మార్చేసిన క్లబ్‌లు ఈ లీగ్‌లో ఉన్నాయి.

2021–22లో ఓగ్బెచే 18 గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. లీగ్‌లో రెండో స్థానం. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను దాటాం. మార్చి 20, ఆదివారం, గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. గ్యాలరీ నిండా కేరళ పసుపు రంగే. మనది కూడా పసుపే, కానీ ఆ గొంతులు మనవి కావు. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ కేపీ గోల్ కొట్టాక మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్లలు ఒక్క మాట మాట్లాడలేదు. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి కొట్టిన ఆ వాలీ! పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. చివరి కిక్ హాలిచరణ్ నర్జారీది. 3–1. హైదరాబాద్‌కు ఐఎస్‌ఎల్ కప్పు.

తర్వాతి సీజన్‌లో మ్యాచ్‌లు మళ్ళీ సొంత ఊళ్ళకు వచ్చాయి, మేము మళ్ళీ గచ్చిబౌలి బస్సు ఎక్కాం. లిస్టన్ కప్పుకు ముందే వెళ్ళిపోయాడు, ఈలోగా ఆశిష్ రాయ్ కూడా వెళ్ళిపోయాడు. ఇద్దర్నీ కోల్‌కతా క్లబ్బే తీసుకుపోయింది. వింగ్‌లో ఆడే నిఖిల్ పూజారిని మనోలో రైట్ బ్యాక్‌గా మార్చుకున్నాడు, ఆ కుర్రాడు అక్కడ నిలదొక్కుకున్నాడు. 20 మ్యాచ్‌లు, 42 పాయింట్లు, మళ్ళీ రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ముగిసి, పెనాల్టీల్లో 4–3తో ఓడిపోయాం. ఆ వేసవిలో మనోలో ఒప్పందం ముగిసింది. ఆయన ఎఫ్‌సీ గోవాకు వెళ్ళాడు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. మూడేళ్ళు పనిచేశాడు, మాట నిలుపుకున్నాడు, వెళ్ళాడు. వేరేచోట మంచి అవకాశం వస్తే మంచి కోచ్ వెళ్తాడు. బాధ ఇంకోచోట ఉంది. ఆకాశ్ మిశ్రా ముంబైకి పోయాడు. ఓగ్బెచే లేడు. క్లబ్ డబ్బు కష్టాల గురించి పత్రికల్లో రావడం మొదలైంది. ఆ పరిస్థితిలో హెడ్ కోచ్ కుర్చీలో కూర్చున్నది సింగ్తో.

ఆయన మణిపూర్ మనిషి. షిల్లాంగ్ లజాంగ్ క్లబ్‌లో ఏళ్ళ తరబడి కుర్రాళ్ళను తయారుచేసినవాడు. మనోలో దగ్గర సహాయకుడిగా మన క్లబ్‌లోనే ఉన్నాడు, ఆ కప్పు గెలిచిన బృందంలో ఆయనా ఒకడు. విదేశీ కోచ్‌కు మూడేళ్ళు పక్కన నిలబడిన భారతీయ కోచ్‌కు చివరికి కుర్చీ దక్కింది అంటే అందరం సంతోషించాల్సిన సంగతి. ఆ కుర్చీ కింద అప్పటికే నేల లేదు.

2023–24లో ఏం జరిగిందో గుర్తుచేస్తాను, ఎందుకంటే జనం మరిచిపోయారు. జీతాలు అందలేదు. ఫిఫా నుంచి ట్రాన్స్‌ఫర్ నిషేధం పడింది, అంటే వెళ్ళినవాడి బదులు ఇంకొకణ్ణి తెచ్చుకునే దారి మూసుకుపోయింది. సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. జనవరిలో నిఖిల్ పూజారి, హితేశ్ శర్మ లాంటి మనవాళ్ళు కూడా వెళ్ళారు. వాళ్ళను నేనేమీ అనను, ఇల్లు గడవాలి కదా. చివరికి విదేశీయుల్లో జోవావో విక్టర్ ఒక్కడే మిగిలాడు. మిగతాదంతా అలెక్స్ సాజి, మాకన్ చోతే, అబ్దుల్ రబీహ్ లాంటి కుర్రాళ్ళ మీద పడింది. వాళ్ళలో చాలామంది మామూలుగా అయితే ఇంకో రెండేళ్ళు రిజర్వ్ జట్టులో ఆడాల్సినవాళ్ళు. ఇంట్లో బియ్యం లేనప్పుడు వండేవాళ్ళను అన్నం ఏదని నిలదీసినట్టు, మనం సింగ్తోను నిలదీశాం.

ఆ రోజుల్లో గచ్చిబౌలిలో జనం పలచబడ్డారు. మన అభిమానుల బృందం డెక్కన్ లీజియన్ డప్పులు మాత్రం ఆగలేదు. ఆ కుర్రాళ్ళకు నా దండాలు. ఒక మ్యాచ్‌లో పక్కన కూర్చున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు నాతో వాదన పెట్టుకున్నాడు.

"సార్, ఈయన్ని పంపేస్తే సగం ప్రాబ్లం పోతది."

"పంపి ఎవర్ని తెస్తరు తమ్మీ? వచ్చినాయనకు జీతం ఎవరిస్తరు?"

"అట్ల కాదు సార్, మనోలో ఉంటే ఇదే టీమ్‌తో మిడ్ టేబుల్ ఉండేది."

"ఇదే టీమ్‌తోనా? ఒకసారి గ్రౌండ్ దిక్కు చూడు, వీళ్ళల్ల మనోలో ఆడించినోళ్ళు ఎందరున్నరు?"

అతను చూశాడు, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మంచి కుర్రాడు. ప్రేమ ఉండబట్టే టెన్షన్, టెన్షన్ ఉండబట్టే ఎదురుగా కనిపించేవాడి మీద కోపం. లైన్ పక్కన నిలబడేది కోచ్ ఒక్కడే. ఖాతాలు రాసేవాళ్ళు, సంతకాలు పెట్టేవాళ్ళు గ్యాలరీకి కనిపించరు.

22 మ్యాచ్‌లలో 8 పాయింట్లు. ఒక్క గెలుపు. ఆ గెలుపు 2024 మార్చిలో, చెన్నైయిన్ మీద, చెన్నైలో, 1–0. ఫైనల్ విజిల్ మోగాక నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, ఇంట్లో, టీవీ ముందు. ఫతోర్డా రాత్రి ఎంత సంతోషపడ్డానో ఆ రోజు అంతకంటే తక్కువేం పడలేదు. జీతం వస్తుందో రాదో తెలియని జట్టు, నెలల తరబడి ఓడిపోతున్న జట్టు, పరాయి ఊళ్ళో ఒక గోల్‌ను మ్యాచ్ అయ్యేదాకా కాపాడుకుంది. డ్రెస్సింగ్ రూమ్‌ను ఎవరో ఒకరు పట్టి ఉంచకపోతే అది జరగదు. 42 పాయింట్ల పక్కన 8 పాయింట్లు రాసి కోచ్‌ను తూచేవాళ్ళు ఈ ఒక్క మ్యాచ్‌నైనా మళ్ళీ చూడాలి.

2024లో క్లబ్ చేతులు మారింది, బీసీ జిందాల్ గ్రూప్ తీసుకుంది. సీజన్ నెత్తి మీదికి వచ్చాక జట్టును కూర్చడం మొదలైంది. మిగతా జట్లు ప్రీ సీజన్ ముగించుకున్నప్పుడు మనవాళ్ళు ఇంకా సంతకాల దగ్గరే ఉన్నారు. అయినా అక్టోబర్‌లో కోల్‌కతాలో మహమ్మడన్‌ను 4–0తో కొట్టారు. నవంబర్‌లో కొచ్చి వెళ్ళి, అంత జనం మధ్య, బ్లాస్టర్స్‌ను 2–1తో ఓడించారు. ఇక కుదురుకుంటారు అనుకున్నాను. వరస ఓటములు వచ్చాయి, డిసెంబర్‌లో సింగ్తోను తీసేశారు. రిజర్వ్ జట్టును చూసుకుంటున్న షమీల్ చెంబకత్‌కు తాత్కాలికంగా అప్పగించారు. ఆయనా కష్టపడ్డాడు. 12వ స్థానంలో ముగించాం.

డిసెంబర్ నిర్ణయం తప్పని నేను అనడం లేదు. కొత్త యజమానికి కొత్త కోచ్‌ను ఎంచుకునే హక్కు ఉంటుంది, ఫలితాలూ బాగా లేవు. నా అభ్యంతరం ఆయన్ను సాగనంపిన తీరు మీద, అదీ మన అభిమానుల తీరు మీద. మనోలో వెళ్ళినప్పుడు ఎంతమంది ఎంత రాశారో! సింగ్తో వెళ్ళినప్పుడు "పీడ పోయింది" అన్నవాళ్ళను చూశాను. క్లబ్ అత్యంత చెడ్డ ఏడాదిలో పారిపోకుండా ఉన్న మనిషికి ఒక్క బ్యానర్ కట్టలేకపోయామా?

మధ్యలో ఇంకో సంగతి జరిగింది, దాన్ని వదిలేస్తే నా వాదన సగమే అవుతుంది. 2024 జులైలో మనోలో భారత జట్టు కోచ్ అయ్యాడు. గోవా క్లబ్‌ను కూడా చూసుకుంటూనే. ఆయన మొదటి మ్యాచ్‌లు ఎక్కడో తెలుసు కదా? గచ్చిబౌలిలోనే, ఇంటర్‌కాంటినెంటల్ కప్. సెప్టెంబర్ 3న మారిషస్‌తో 0–0. తర్వాత సిరియా చేతిలో 3–0 ఓటమి. నవంబర్‌లో మళ్ళీ మన దగ్గరే మలేషియాతో 1–1, రాహుల్ భేకే హెడ్డర్ కొట్టకపోతే అదీ పోయేది. మనకు కప్పు తెచ్చిన మనిషి, మన గ్రౌండ్‌లో, మన ఎదుట, మారిషస్ మీద గోల్ కొట్టించలేకపోయాడు. ఆయన హయాంలో భారత్ ఆడింది 8 మ్యాచ్‌లు, గెలిచింది ఒకటి, అది మాల్దీవుల మీద. హాంకాంగ్ చేతిలో ఓడాక 2025 జులైలో ఆ పదవి వదిలేశాడు. అదే మనిషి అదే ఏడాది మే నెలలో ఎఫ్‌సీ గోవాకు సూపర్ కప్ తెచ్చాడు.

కొద్ది వారాల తేడాలో ఆయన తెలివి పెరిగిపోలేదు, తగ్గిపోలేదు. గోవాలో రోజూ పొద్దున్నే అదే పిల్లలు ఆయన ముందు ఉంటారు. నెలలు పడుతుంది, కానీ అలవాట్లు మారతాయి. దేశం జట్టుకు వచ్చేసరికి ఏడెనిమిది రోజులు చేతికిస్తారు, ఒక్కొక్కడు ఒక్కో క్లబ్‌లో ఒక్కోలా ఆడి వస్తాడు. ఆకాశ్ మిశ్రాను తీర్చిదిద్దిన పని ఏడెనిమిది రోజుల్లో అయ్యేది కాదు. మనోలో భారత జట్టుతో గెలవలేకపోతే "పాపం, టైమ్ ఇవ్వలేదు" అని మనమే అన్నాం. అది సరైన మాటే. అదే మాట సింగ్తో విషయంలో ఎందుకు అనలేదు? ఆయనకు టైమ్ ఉంది, ఆటగాళ్ళు లేరు. ఆటగాళ్ళు ఉన్నచోట జీతం లేదు.

మా నాన్న పెరిగింది బొల్లారంలో. ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరామ్‌ది ఆ దగ్గరి అమ్ముగూడ అని గర్వంగా చెబుతాడు. ఆయన తరానికి కోచ్ అంటే ఒక్కరే, రహీమ్ సాబ్. 1950 నుంచి 54 దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది, సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేతి కింద. భారత్‌ను 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాలుగో స్థానానికి, 1962లో జకార్తాలో ఏషియాడ్ స్వర్ణానికి తీసుకెళ్ళిన మనిషీ ఆయనే. 1963లో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన తర్వాత పోలీస్ జట్టును ఎవరు చూసుకున్నారు నాన్నా అని అడిగితే, ఎన్నో స్కోర్లు నోటికి చెప్పే నాన్నకు ఆ పేరు తట్టలేదు. కాసేపు ఆలోచించి ఇంకో మాట చెప్పాడు. "ఆ పిల్లలందరికీ పోలీస్ నౌకరీ ఉండె బిడ్డా. ఫస్టు తారీఖు జీతం పడుతుండె. రహీమ్ సాబ్‌కు ఆట ఒక్కటే చూసుకునే పని ఉండె."

ఇంత గొప్ప కోచ్ కథలో కూడా నాన్నకు ముందు గుర్తొచ్చింది జీతం తారీఖు. నాకు అందులో ఆశ్చర్యమేం లేదు. మా స్కూల్లో పొద్దున ప్రాక్టీస్‌కు వచ్చే పిల్లల్లో సగం మంది ఖాళీ కడుపుతో వస్తారు. గుడ్డు, అరటిపండు పెట్టిన వారం పరుగు వేరు, పెట్టలేని వారం పరుగు వేరు. నేను అదే విజిల్ ఊదుతాను.

2025 అక్టోబర్‌లో క్లబ్ ఢిల్లీకి పోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. దాంతో కోచ్ గురించిన మన తగువులన్నీ తీరిపోయాయి, తగువు పడటానికి క్లబ్బే లేదు. మా పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఎఫ్‌సీ గోవా స్కోర్లు చూస్తున్నారు, మనోలో కోసం మొదలుపెట్టిన అలవాటు. కొందర్ని నేను అజీజ్‌నగర్ డెక్కన్ అరీనాకు తీసుకుపోయాను, ఐఎస్‌ఎల్ కింది స్థాయి లీగ్ ఐ-లీగ్‌లో రెండుసార్లు రన్నరప్‌గా నిలిచిన శ్రీనిధి దక్కన్ ఆట చూపించడానికి. మైదానం దగ్గరగా ఉంటుంది, ఆటగాళ్ళ అరుపులు కూడా వినిపిస్తాయి. పిల్లలకు అది బాగా నచ్చింది.

హైదరాబాద్‌కు మళ్ళీ ఐఎస్‌ఎల్ క్లబ్ వస్తుందనే నా నమ్మకం. ఇంత ఫుట్‌బాల్ చరిత్ర ఉన్న ఊరును ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు. వచ్చిన రోజున ప్రెస్ మీట్ పెట్టి విదేశీ కోచ్ ఫొటో చూపిస్తారు, ఆయన చేతికి కొత్త జెర్సీ ఇస్తారు. అభిమానులుగా మనం అక్కడే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మూడేళ్ళ జీతాలకు డబ్బు ఎక్కడుంది? అకాడమీ ఏ ఊళ్ళో పెడుతున్నారు, మెదక్, నల్గొండ పిల్లలు అక్కడికి ఎట్లా రావాలి? కోచ్ పక్కన నిలబడే భారతీయ అసిస్టెంట్ ఎవరు, రేపు పెద్దాయన వెళ్ళిపోతే ఆయనకు ఏ జట్టును అప్పగిస్తారు? జవాబులు రాతపూర్వకంగా తీసుకుందాం. డెక్కన్ లీజియన్ తమ్ముళ్ళు ఉత్తరం రాస్తే, కింద మొదటి సంతకం నేను పెడతాను.